మార్కులలో నిజమెంత? - కెల్లీ సూత్ర విమర్శ

ఒకే బస్తా బియ్యమును రెండుమార్లు తూచినచో తూకములు ఇంచుమించు ఒకటిగానే ఉండును. ఒకే విద్యార్థికి ఒకే పాఠములపై రెండు ప్రశ్నపత్రములిచ్చినచో మార్కులు అట్లు కలియవు. తగిలిన ప్రశ్నలు, ఆనాటి ఒంటి స్థితి, దిద్దినవారి ధోరణి మార్కులలో చేరిపోవును. వచ్చిన మార్కు యథార్థ మార్కు, దోషముల మొత్తమను భావన 1904లో చార్లెస్ స్పియర్‌మన్ ప్రారంభించిన పరిశోధనలనుండి పెరిగినది.

యథార్థ మార్కును అంచనా వేయుటకు అమెరికా శాస్త్రజ్ఞుడు ట్రూమన్ కెల్లీ 1920వ దశకములో ఒక సూత్రమును ప్రచారమునకు తెచ్చెను. దీనికి పరీక్షయొక్క విశ్వసనీయతా గుణకము కావలెను. ఒకే సమూహమునకు సమానమైన రెండు పరీక్షలు పెట్టగా వచ్చు మార్కుల సహసంబంధమే ఈ గుణకము. అది 0.84 అనియు, తరగతి సగటు 50 అనియు అనుకొన్నచో, 70 వచ్చిన విద్యార్థి అంచనా ఎంత? 70లో 0.84 వంతు 58.8, 50లో 0.16 వంతు 8, మొత్తము 66.8. పైవరుసలో నిలిచినవారిలో అదృష్టము కలిసివచ్చినవారు ఎక్కువగా ఉందురు గనుక మార్కు సగటువైపునకు జరిగినది.

గణితములో లోపము లేదు. సమూహమంతటికి చూచినచో ఈ అంచనాల మొత్తపు పొరపాటు తగ్గును. చిక్కు సమూహమను మాటలోనే ఉన్నది. అదే పరీక్షలో అదే 70 తెచ్చుకొన్న వేరొకడు సగటు 60 ఉన్న తరగతివాడైనచో, గుణకము అదేయైనను, అతని అంచనా 68.4 అగును. సీటుకు హద్దు 68 అయినచో ఒకడు లోపల, ఒకడు బయట! వ్రాసిన జవాబులలో భేదము లేదు; తోడి విద్యార్థులలోనే భేదము. పైగా ఒక్క విద్యార్థి తరగతికి, బడికి, జిల్లాకు కూడ చెందినవాడే. ఏ సగటు తీసికొనవలెనో సూత్రము చెప్పదు.

'యథార్థ' శబ్దమును భ్రమ కలిగించునదే. లార్డ్, నోవిక్‌ల 1968నాటి ప్రామాణిక గ్రంథము ప్రకారము, అదే పరీక్షను పూర్వానుభవ ప్రభావము లేకుండ మరల మరల పెట్టగలిగినచో వచ్చు సగటే యథార్థ మార్కు. చెడ్డ ప్రశ్నపత్రమునకును అట్టిది ఉండును. అది సామర్థ్యము కానక్కరలేదు.

కావున సమూహములను గూర్చిన పరిశోధనకు ఈ సూత్రము తగినదే. ఒక్కొక్కరి భవిష్యత్తును తేల్చుటకు తగదు. ప్రమాణ విచలనము 10 అయినచో, పై పరీక్షలో ప్రమాణ దోషము 4 మార్కులు. 70ని 70గానే ఉంచి, ఆ 4ను ప్రక్కన చూపుట నిజాయితీ. గుణకము 1కి దగ్గరైనకొలది సగటుయొక్క వాటా తనంతట తానే తగ్గును. పిల్లవాని మార్కును సవరించుటకంటె ప్రశ్నపత్రమును సవరించుట మేలు.