రింగు కింది మహావిద్య

జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో తొమ్మిదో తరగతికే ఆరడుగులు దాటిన పిల్లాడు కనిపిస్తే "తాటిచెట్టు లెక్క పెరిగినవేందిరా" అంటారు. బడిలో అతన్ని వాలీబాల్ నెట్ దగ్గరకో కబడ్డీ కోర్టులోకో పంపిస్తారు. ఆ రెండు ఆటలూ మనకు బాగా తెలిసినవే, వాటి మీద నాకు గౌరవమే. కానీ పొడుగు మనిషి కోసమే ఒక పూర్తి విద్యను పెంచి పోషించిన ఆట మరొకటి ఉంది. అది బాస్కెట్‌బాల్. రింగు కింద నిలబడి ఆడే సెంటర్ విద్యలో, కాలేజీ ఆట వరకు చూస్తే ల్యూ ఆల్సిండర్‌ను మించినవాడు ఇంతవరకూ పుట్టలేదన్నది నా గట్టి నమ్మకం. తర్వాత లోకం కరీం అబ్దుల్ జబ్బార్‌గా ఎరిగినది ఆయన్నే.

ఈ ఆట 1891లో అమెరికాలో పుట్టింది. తొలిరోజుల్లో పొడుగువాళ్లను మొద్దులని పక్కన పెట్టేవారట. ఆ మాట నోట మళ్లీ రాకుండా చేసినవాడు జార్జ్ మైకన్. చికాగోలోని డిపాల్ యూనివర్సిటీలో కోచ్ రే మేయర్ అతని చేత తాడాట ఆడించాడు, డాన్సు నేర్పించాడు, రెండు చేతులతోనూ రోజూ వందల హుక్ షాట్లు వేయించాడు. రింగులోకి దిగుతున్న బంతిని మైకన్, బాబ్ కర్లండ్ లాంటివాళ్లు పైనుంచే తోసేస్తుంటే తట్టుకోలేక 1944లో నియమమే మార్చాల్సి వచ్చింది.

మైకన్ చేసిన సాధనను ఇప్పటికీ మైకన్ డ్రిల్ అంటారు. న్యూయార్క్‌లో ఆల్సిండర్ చిన్నప్పుడే దాన్ని పట్టుకున్నాడు. బోర్డు కింద నిలబడి కుడిచేత్తో ఒకటి, బంతి కిందపడేలోపే అందుకుని ఎడమచేత్తో ఒకటి, అలసిపోయేదాకా అంతే. 1965లో యూసీఎల్ఏ యూనివర్సిటీలో చేరాడు. అప్పటి నిబంధన ప్రకారం మొదటి ఏడాది విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడకూడదు. అయితేనేం, ఆ కొత్త పిల్లల జట్టు రెండేళ్లుగా దేశ చాంపియన్ అయిన సొంత సీనియర్లనే 75-60తో ఓడించింది. ఆల్సిండర్ 31 పాయింట్లు సాధించాడు. ప్రధాన జట్టులో ఆడిన మొదటి మ్యాచ్‌లో 56! కోచ్ జాన్ వుడెన్ శిక్షణ సాక్సులు ముడతల్లేకుండా తొడుక్కోవడం దగ్గర మొదలయ్యేది. పాదం బొబ్బలెక్కితే అడుగు తప్పుతుందని ఆయన పట్టుదల.

1967లో ఆ జట్టు 30 మ్యాచ్‌లకు 30 గెలిచింది. వెంటనే కాలేజీ ఆటలో డంక్‌ను, అంటే బంతిని చేత్తోనే రింగులోకి దిగగొట్టడాన్ని, నిషేధించారు. ఆ నిషేధం 1976 దాకా సాగింది. ఆయన్ను ఆపడానికే ఇదంతా అని చాలామంది అన్నారు, నేనూ అదే అంటాను. మరొకరైతే కుంగిపోయేవారు. ఆయన హుక్ షాట్‌కు సానబట్టాడు.

ఆ షాట్‌ను నిదానంగా చూడాలి. ముందు రింగుకు వీపు పెట్టి, కాళ్లు ఎడం చేసి, నడుము దించి, వెనకున్న డిఫెండర్‌ను తుంటితో ఆనించి పట్టాలి. ఈ చోటు సంపాదించుకోవడమే సగం ఆట. బంతి చేతికందగానే ఎడమ పాదం ఊని తిరిగి, కుడి మోకాలు పైకెత్తాలి. ఎడమ భుజం డిఫెండర్ వైపుకు వస్తుంది. బంతికీ అతనికీ మధ్య ఒళ్లంతా అడ్డం. కుడిచెయ్యి నిటారుగా లేచి చిట్టచివరన మణికట్టు వంగుతుంది, బంతి వేళ్ల కొసల మీంచి జారిపోతుంది. 7 అడుగుల 2 అంగుళాల మనిషి చెయ్యి చాపి వేసిన ఆ బంతిని ఎవరు అందుకుంటారు? ఎడమవైపు కాచుకున్నవాడికి కుడివైపు తిరిగి చూపించేవాడు. ఇద్దరు మీదపడితే ఖాళీగా ఉన్న సహచరుడికి బంతి అందించేవాడు.

1968 జనవరిలో హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో 52 వేల మందికి పైగా జనం ముందు, కంటి గాయంతో ఆడి హ్యూస్టన్ యూనివర్సిటీ చేతిలో 71-69తో ఓడిపోయాడు. రెండు నెలల్లో అదే హ్యూస్టన్‌ను సెమీఫైనల్లో 101-69తో యూసీఎల్ఏ చిత్తు చేసింది. 1969 ఫైనల్లో పర్డ్యూ యూనివర్సిటీ మీద 37 పాయింట్లు, 20 రీబౌండ్లు. మూడేళ్లలో 88 గెలుపులు, 2 ఓటములు, మూడు టైటిళ్లు. మూడుసార్లూ చివరి అంచె పోటీల్లో ఉత్తమ ఆటగాడు ఆయనే. 1973 ఫైనల్లో 22 షాట్లకు 21 వేసిన సెంటర్ బిల్ వాల్టన్‌కు దండం పెడతాను గానీ, పెద్దపీట మాత్రం ఆల్సిండర్‌కే.

ఇంత విద్యను ఈ రోజు ఏం చేస్తున్నారు? ఏడడుగుల మనిషి మూడు పాయింట్ల గీత బయట నిలబడి దూరం నుంచి బంతి విసురుతున్నాడు. ఫోన్లలో తిరిగే వీడియోల్లో డంక్ తప్ప అడుగుల పనితనం కనిపించదు. రింగు పట్టుకుని వేలాడటమే సెంటర్ ఆట అనుకునే పిల్లలు తయారయ్యారు. చూస్తుంటే కడుపు మండుతుంది. పర్డ్యూ కుర్రాడు జాక్ ఈడీ పాత పద్ధతిలోనే రింగు కింద ఆడి 2023, 2024 రెండేళ్లూ దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడయ్యాడు. విద్యకు కాలం చెల్లలేదు, నేర్పేవాళ్లకు ఓపిక చెల్లింది.

ఆలస్యమైందని మన పిల్లలు వెనకాడనక్కర్లేదు. ఈడీ హైస్కూల్లోకి వచ్చాకే బంతి పట్టాడు. నైజీరియా నుంచి హ్యూస్టన్ వెళ్లిన హకీం ఒలాజువాన్ అంతకుముందు ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్ ఆడినవాడే. పంజాబీ తల్లిదండ్రుల బిడ్డ సిమ్ భుల్లర్ న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీలో సెంటర్‌గా ఆడి, 2015లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడిన తొలి భారత సంతతి ఆటగాడయ్యాడు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పీఈటీ సార్లకు, కాలేజీ ఫిజికల్ డైరెక్టర్లకు చేతులెత్తి అడుగుతున్నాను. పొడుగు పిల్లలను, ఆడపిల్లలనూ కలిపి, ఒక్క బోర్డు కిందకు తీసుకురండి. రోజూ అరగంట మైకన్ డ్రిల్ చేయించండి, రెండు చేతులతోనూ. ముందు అడుగులు, తర్వాత హుక్, డంక్ అన్నిటికన్నా చివర. రేపు కాకతీయ యూనివర్సిటీ అంతర్ కళాశాలల పోటీల్లో మన పిల్లల్లో ఒక్కరు వీపు తిప్పి నిలబడి, సరిగ్గా ఒక హుక్ వేస్తే చాలు, మిగతా కాలేజీలు ఆ విద్య నేర్పేవాళ్లను వెతుక్కుంటూ మన దగ్గరికే వస్తాయి.