సంతకం లేని పని

కిరాయికి వాయించేది వృత్తి, తనకోసం గీసేది కళ అనే అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. అభ్యుదయవాదులు కూడా దీన్ని ప్రశ్నించకపోవడం నాకు వింతగా తోస్తుంది. డానియెల్ హ్యుమేర్ జీవితం ఈ అభిప్రాయాన్ని పరీక్షించడానికి పనికివస్తుంది.

హ్యుమేర్ 1938లో జెనీవాలో పుట్టాడు. 1958లో పారిస్ చేరి, జాజ్ సంగీతంలో డ్రమ్స్ వాయించేవాడుగా స్థిరపడ్డాడు. చిత్రకారుడు కూడా. 1960లలో, బాఖ్ రచనలను జాజ్ నడకలో పాడిన స్వింగిల్ సింగర్స్ వెనక డ్రమ్స్ వాయించాడు. 1968లో అమెరికన్ సాక్సఫోన్ విద్వాంసుడు ఫిల్ వుడ్స్ యూరప్‌లో కట్టిన బృందంలో చేరాడు. ఆ రికార్డులు వుడ్స్ పేరనే చలామణి అయినాయి. అదే ఏడాది ఎడీ లూయిస్ ఆర్గన్, జాన్-లూక్ పోంటీ వయొలిన్, తన డ్రమ్స్‌తో ముగ్గురి పేర్లూ సమానంగా నిలిచిన బృందంలోనూ వాయించాడు.

చెయ్యి ఒకటే, సంవత్సరం ఒకటే. మొదటిచోట పక్కవాద్యగాడు, రెండవచోట భాగస్వామి. పేరు మీద హక్కు మాత్రమే మారింది.

చిత్రం సంగతీ ఇంతే. పటం మీద సంతకం ఒక్కడిది. దాన్ని గోడకు తగిలించవచ్చు, అమ్మవచ్చు. డ్రమ్ము దెబ్బ నలుగురి నాదంలో కలిసిపోతుంది. విడదీసి అమ్మడం కుదరదు. అమ్మకానికి వీలైనదానికి కళ అనీ, వీలుకానిదానికి పనితనమనీ పేర్లు పెట్టింది బజారు. ఆ పేర్లనే మన విమర్శ అరువు తెచ్చుకున్నది.

కిరాయి వాద్యమంతా గొప్పదని నేననను. అందులోనూ మొక్కుబడి ఉంటుంది, చిత్రాల్లోనూ ఉంటుంది. మంచిచెడ్డలు చెవితో, కంటితో తేల్చుకోవాలి. తాళం తప్పకుండా ఇతరులను నిలబెట్టేవాడి శ్రమలో కళను చూడలేని విమర్శకుడు, తాను శ్రామికుల పక్షమని చెప్పుకోవడం ఎట్లా?