గడప దాటే చీర

పెళ్లిళ్ల సీజన్‌లో కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర ఏ బట్టల దుకాణం ముందైనా ఓ పావుగంట నిలబడి చూడండి. లోపల చీర నచ్చినావిడ దాన్ని చేతిమీద వేసుకుని మెట్ల మీదికి వస్తుంది. వెనకే తల్లో ఆడబిడ్డో ఉంటారు. సేల్స్ కుర్రాడు రెండో కొస పట్టుకుని వాళ్ల వెంట నడుస్తాడు. ఎండలో కొంగు విప్పుతారు. "లోపల వంకాయ రంగు లెక్క కొట్టింది, ఇది రాణి కలర్ గదనే!" అన్న మాట వినబడుతుంది. చీర మళ్లీ లోపలికి పోతుంది, ఇంకోటి బయటికి వస్తుంది. అదే దుకాణంలో ఒక్క దీపాల మీదే లక్షలు పోసి ఉంటారు.

దుకాణాలకు లైటింగ్ డిజైన్ చేయడం నా పని. కొత్త పని ఒప్పుకునేటప్పుడు నేను మొదట అడిగేది బడ్జెట్ గురించి కాదు. "మీ గిరాకీలు చీర బయటికి తెచ్చి చూస్తరా?" అని అడుగుతాను. "చూస్తరు సార్, ఆడోళ్ల అలవాటేనాయె" అని నవ్వేస్తారు యజమానులు. వాళ్లు అలవాటు అంటున్నారు గానీ నా లెక్కలో అది ఫిర్యాదు. మీ లోపలి వెలుతురును నమ్మలేకపోతున్నామని ఆడవాళ్లు నోరు తెరవకుండా చెబుతున్నారు.

ఆ అపనమ్మకం ఉత్తదేం కాదు. తెల్ల ఎల్‌ఈడీ లోపల పుట్టేది నీలి వెలుగు. చిప్ మీద పూసిన ఫాస్ఫర్ ఆ నీలంలో కొంత భాగాన్ని పసుపు వైపు మారుస్తుంది, రెండూ కలిస్తే మన కంటికి తెలుపు. ఆ నీలి ఎల్‌ఈడీని సాధించినందుకే 2014లో అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. మరుసటి ఏడాది జనవరిలో మన దేశంలో ఉజాలా పథకం మొదలై ఎల్‌ఈడీ బల్బు పల్లె పల్లెకూ చేరింది. కరెంటు ఆదా అయింది, మంచిదే. కాకపోతే చవక రకం పూతలో ముదురు ఎరుపు దాదాపు ఉండదు. దీపంలో లేని రంగును చీర ఎక్కడి నుంచి తెచ్చి చూపిస్తుంది? కుంకుమ రంగు ఇటుక రంగులోకి దిగుతుంది, రాణి రంగు వంకాయ వైపు జరుగుతుంది.

డబ్బా మీద "సీఆర్‌ఐ 80" అని ఉంటుంది. దీపం రంగులను ఎంత నిజాయితీగా చూపిస్తుందో వందకు వేసే మార్కు అది. అందులో ఒక తిరకాసుంది. ఆ మార్కు ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమే. ముదురు ఎరుపుది తొమ్మిదో స్థానం, దాని పేరు ఆర్9. అది సగటులోకి రాదు. ఆర్9 సున్నా దగ్గరున్న దీపానికి కూడా 80 మార్కులు వచ్చేస్తాయి. తప్పిన పేపర్‌ను వదిలేసి మిగతా వాటి సగటు చూపించే మార్కుల మెమో లాంటిదన్నమాట. పెళ్లి చీరలు అమ్మే ఊళ్లో మనకు కావలసింది ఆ తప్పిన పేపరే. అందుకే బట్టల దుకాణానికి సీఆర్‌ఐ 90కి తగ్గొద్దని, ఆర్9 కనీసం 50 ఉండాలని నేను పట్టుబడతాను. ధర కొంత ఎక్కువే. చీర గడప దాటకుండా అమ్ముడుపోతే ఆ ఎక్కువ ఏ మూలకు?

ఇక తెలుపు పిచ్చి. "సార్, పక్క దుకాణం కంటె మనది తెల్లగ కొట్టాలె, జిగేల్‌మనాలె" అనని యజమాని నాకు ఇంతవరకూ తగల్లేదు. తెలుపంటే వాళ్ల మనసులో ఉన్నది 6500 కెల్విన్, నీలం కలిసిన తెలుపు. కెల్విన్ అంటే వెలుగు ఛాయకు కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ నీలం. ఈ మోజుకు కారణం వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కరలేదు. సిరిసిల్లలో సహకార విద్యుత్ సంఘం, అదే మన సెస్, 1970లో మొదలైంది. ఆ కాలంలో మొదటిసారి కరెంటు చూసిన ఇళ్లలో బల్బు చాలా రాత్రులు లో వోల్టేజీతో ఎర్రగా మినుకుమినుకుమనేది. దాని తర్వాత వచ్చిన ట్యూబ్‌లైటు పాలలా తెల్లటిది. పసుపు వెలుగంటే లేమి, తెల్ల వెలుగంటే కలిమి అన్న లెక్క ఒక తరం మనసులో అలా స్థిరపడిపోయిందని నా అనుమానం. ఆ తరమే ఇప్పుడు గల్లా మీద కూర్చుంది. వాళ్లతో వాదన పెట్టుకుంటే పని జరగదు. ఒకే గోడ మీద 3000, 4000, 6500 మూడు దీపాలు పక్కపక్కన పెట్టి, ఒకే చీరను మూడింటి కిందా పరుస్తాను. పట్టుకు, జరీకి 3000 నుంచి 3500, మిగతా బట్టలకు 4000 అని చాలామంది తమంతట తామే తేల్చుకుంటారు. ఎంత చూపించినా 6500 కావాలనేవాళ్లు కొందరుంటారు. వాళ్లకు మెట్ల దగ్గరా గోదాములోనూ వేసి దండం పెడతాను.

అసలు పేచీ సీలింగ్ దగ్గర. మా దగ్గర షోరూమ్ కట్టేవాళ్లు ముందు పీవోపీ మేస్త్రీని పిలుస్తారు. ఆయన ఫోన్‌లో దాచుకున్న బొమ్మ ఒకటి తీసి మూడు మెట్ల ఫాల్స్ సీలింగ్, మధ్యలో పువ్వు, చుట్టూ కోవ్ లైటు, గళ్లు గళ్లుగా ప్యానెళ్లు అని బిగించేస్తాడు. ఆ తర్వాత నేనొస్తాను. అప్పటికి ఎలక్ట్రీషియన్ పాయింట్లన్నీ ఇచ్చేసి "అన్నా, ఇంక యాడ పెడతవో పెట్టు" అంటాడు. లైట్లు సీలింగ్ అందానికి తగ్గట్టు సమానదూరంలో వరసగా ఉంటాయి. కింద ర్యాకు ఎక్కడుందో, అద్దం ఎక్కడుందో, చీర పరిచే గద్దె ఎక్కడుందో వాటికి తెలియదు. "సేట్, మనం సీలింగ్ అమ్ముతున్నమా?" అని అడిగితే నవ్వుతారు గానీ పువ్వు మాత్రం తీసెయ్యరు.

లెక్క ఏమంత కష్టమైనది కాదు. నలభై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు దుకాణం అనుకుందాం. సుమారు 74 చదరపు మీటర్లు. దీపం ఇచ్చే వెలుగుకు కొలత ల్యూమెన్, చదరపు మీటరుకు ఒక ల్యూమెన్ పడితే ఒక లక్స్. దుకాణమంతా పరుచుకునే వెలుతురు 300 లక్స్ చాలనుకుంటే 22 వేల పైచిలుకు ల్యూమెన్లు నేలకు చేరాలి. దీపం నుంచి బయల్దేరిందంతా కిందికి రాదు. లేత రంగు గోడలైతే సుమారు 60 శాతం పనికొస్తుందనుకోండి. దుమ్ము పట్టి, దీపం పాతబడి తగ్గేదానికి మరో 20 శాతం వదులుకోవాలి. అంటే దీపాలన్నీ కలిపి 46 వేల ల్యూమెన్లు ఇవ్వాలి. వాట్‌కు 100 ల్యూమెన్లిచ్చే రకమైతే ఇదంతా 460 వాట్ల పని. అదే దుకాణంలో ఫ్యాషనని గోడలకూ సీలింగ్‌కూ బొగ్గు రంగు వేశారా, ఆ 60 కాస్తా 40కి పడిపోయి 69 వేల ల్యూమెన్లు కావాల్సి వస్తుంది. రంగు డబ్బా ఎంచుకున్న రోజే కరెంటు బిల్లు సగం పెరిగినట్టు. రామగుండం ఎన్టీపీసీలో 1983 నుంచి కరెంటు పుడుతున్నదని, అది కరీంనగర్ పక్కనే ఉన్నదని మనకు యూనిట్ రేటేమీ తగ్గించరు కదా!

ఈ 460 వాట్ల లెక్క చూపిస్తే ఎవరూ నమ్మరు. చాలా దుకాణాల్లో ఇంతకు రెట్టింపు వేసి ఉంటారు, అయినా "మబ్బుగ ఉన్నది సార్" అంటారు. రెండూ నిజమే. మే నెల మిట్టమధ్యాహ్నం మన రోడ్డు మీద లక్ష లక్స్ దాకా ఎండ ఉంటుంది. అందులోంచి లోపలికి అడుగుపెట్టిన కంటికి 500 అయినా వెయ్యి అయినా మొదట చీకటే. ఎండతో పోటీపడి గెలిచిన దుకాణం లేదు. గుమ్మం దగ్గర రెండు మూడు మీటర్ల మేర కొంచెం ఎక్కువ వెలుతురు పెట్టి, ఎదురుగా కనిపించే చివరి గోడను బాగా వెలిగిస్తే కన్ను లోపలికి నడుస్తుంది. లోపల ఎంత వెలుతురుందో మనిషి నేలను చూసి తేల్చుకోడు, గోడలను చూసి తేల్చుకుంటాడు. దీపాలన్నీ నిట్టనిలువుగా కిందికే కొడితే నేల టైల్స్ తళతళలాడతాయి, ర్యాకుల్లో మడతపెట్టిన చీరలు మాత్రం నీడలో ఉంటాయి. మబ్బుగా ఉందనే ఫిర్యాదు అక్కడి నుంచే వస్తుంది.

న్యూయార్క్ సీగ్రమ్ భవనానికి దీపాలు కూర్చిన రిచర్డ్ కెల్లీ 1952లోనే వెలుగును మూడుగా విడదీశాడు: అంతటా పరుచుకునేది, ఒకచోట నిలిచేది, మెరిసేది. మా దుకాణాల్లో మొదటిది దండిగా ఉంటుంది. రెండోదాని కోసం కొంత చీకటిని భరించే ధైర్యం కావాలి, ఆ ధైర్యం మాకింకా రాలేదు. దుకాణమంతా 300 ఉన్నచోట బొమ్మకు కట్టిన చీర మీద 1000 లక్స్ పడితేనే చూపు అక్కడ ఆగుతుంది. అంతా 1000 పెడితే బొమ్మా ఒకటే, బల్లా ఒకటే.

మూడోది, ఆ మెరుపు, మన దగ్గరే పుట్టిన వస్తువుకు ప్రాణం. కరీంనగర్ వెండి నగిషీకి 2007లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. వెండిని సన్నటి తీగగా లాగి, రెండు తీగలు పేని, నలగ్గొట్టి, మందపాటి తీగతో కట్టిన చట్రంలో చుట్టలు చుట్టలుగా పేర్చి అతికిస్తారు. గంధం గిన్నె, పన్నీరు బుడ్డి, నెమలి, ఏది తీసుకున్నా అందులో వెండి ఎంతో ఖాళీ అంత. ఆ ఖాళీ కనబడకపోతే పనితనమే కనబడదు. ఇలాంటి వస్తువును ఒక షోకేసులో చూశాను. వెనక తెల్ల సన్‌మైకా, పైన వెడల్పాటి ప్యానెల్, గాజు అర కింద మరో స్ట్రిప్. వెలుతురు అన్నివైపుల నుంచీ సమానంగా పడి నెమలి కాస్తా బూడిద రంగు ముద్దయింది. మెరుపు పుట్టాలంటే దీపం చుక్కలా చిన్నదై ఉండాలి. ముందువైపు పైనుంచి వాలుగా పడాలి. వెనక ముదురు నీలమో మెరూనో మఖ్‌మల్ ఉండాలి, అదీ వస్తువుకు ఆనించకుండా రెండు మూడు అంగుళాలు వెనక్కి. అప్పుడు తీగ తీగా విడివిడిగా కనబడి, మనిషి తల కదిలించిన కొద్దీ మెరుపు కూడా కదులుతుంది. వెండికి 4000 కెల్విన్, బంగారానికి 3000. రెండూ అమ్మే దుకాణంలో ఒకే రంగు దీపం వేస్తే వాటిలో ఏదో ఒకటి వెలవెలబోక తప్పదు.

నిర్మల్‌లో సంగతి వేరు. పొనికి కర్ర బొమ్మలు ఎటునుంచి వెలుతురు పడ్డా ముచ్చటగానే ఉంటాయి. చిక్కంతా నిర్మల్ పెయింటింగులతోనే. నల్లటి నేల మీద బంగారు ఛాయ, ఆపైన నునుపైన మెరుగు. వాటి ఎదురుగా దీపం పెడితే బొమ్మలో రాధ బదులు సీలింగ్ ప్యానెల్ కనబడుతుంది. నిలువు గీత నుంచి 30 డిగ్రీల వాలులో పైనుంచి వేస్తే దీపం ప్రతిబింబం కంటికి తగలకుండా నేల మీదికి జారిపోతుంది. ఆదిలాబాద్ డోక్రా ఇత్తడికైతే పక్కవాటం వెలుతురు కావాలి. మైనపు దారాలు చుట్టి పోత పోసిన గీతలు అప్పుడే లేచి కనబడతాయి. ఎదురు వెలుతురులో అవి చదునైపోతాయి.

ఎత్తు గురించి కూడా చెప్పాలి. స్పాట్‌లైటు రెండు మీటర్ల దూరం నుంచి 750 లక్స్ ఇస్తే, అదే మూడు మీటర్లకు జరిపితే 333కు పడిపోతుంది. వాట్లు మారవు, దూరం మారిందంతే. సీలింగ్ ఇంకో మూడడుగులు ఎత్తిద్దామని చివర్లో మనసు మార్చుకునే యజమానులకు ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసి ఇస్తాను. దూరంతోపాటు వెలుతురు ఎటునుంచి పడుతుందన్నదీ చూడాలి. ట్రయల్ రూమ్‌లో నడినెత్తిన ఒకే ఒక్క డౌన్‌లైటు ఉంటే కళ్ల కింద గుంటలు, ముక్కు కింద నీడ. కొత్త బట్టలో తనను తాను అంత నీరసంగా చూసుకున్న మనిషి కొనడు. అద్దానికి రెండు పక్కలా నిలువు దీపాలు పెడితే ఆ బాధ ఉండదు.

దీపాలు ఎక్కువ కాలం నిలవాలంటే డ్రైవర్ల మీద, అంటే ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే పెట్టెల మీద, కన్నుండాలి. ఎల్‌ఈడీ చిప్ కంటే ముందు పోయేది డ్రైవరే. ఎండాకాలం ఏసీ కట్టేసి షట్టర్ దించాక ఫాల్స్ సీలింగ్ పైన గాలాడక వేడి ఉడుకుతుంటుంది. చేతికందే మూత లేకుండా డ్రైవర్‌ను జిప్సం బోర్డు వెనక పెట్టి మూసేస్తే, మూడొందల రూపాయల డ్రైవర్ కోసం మూడు వేల సీలింగ్ పగలగొట్టాలి. గుమ్మం దగ్గరి దీపాలు, లోపలివి, షోకేసులవి వేర్వేరు సర్క్యూట్ల మీద ఉండాలి. బతుకమ్మ, దసరా ముందు సాయంత్రం గిరాకీ వేళకు కావలసిన వెలుతురు వేరు, మంగళవారం మధ్యాహ్నం ఖాళీ దుకాణానికి కావలసింది వేరు.

ఈ దసరాకు దుకాణం తెరుద్దామనుకుంటున్నవారికి ఒక మాట. సీలింగ్ ఫ్రేము కట్టకముందే ర్యాకులు, గద్దె, అద్దాలు ఎక్కడొస్తాయో నేల మీద సుద్దముక్కతో గీయించండి, దీపాల లెక్క దాన్ని బట్టి వేయించండి. కొనబోయే దీపం ఒక్కటి తెప్పించి, చీకటి పడని వేళ కుంకుమ రంగు చీర ఒక కొస దాని కింద, రెండో కొస గడప బయట ఎండలో పెట్టి చూడండి. రెండు కొసలూ ఒకే చీరలా కనబడితేనే ఆర్డరివ్వండి. బిల్లు మీద కెల్విన్, సీఆర్‌ఐ, ఆర్9 మూడూ రాయించుకోండి. రాయనన్నవాడి దగ్గర కొనకండి.