గుహ లేని గుహాచిత్రాలు: కప్పగల్లు శిలాచిత్రాల అధ్యయనంపై ఒక విమర్శ

చరిత్రపూర్వ చిత్రకళను ‘గుహాచిత్రాలు’ అని వ్యవహరించడం తెలుగులో అలవాటైంది. 1957లో వాకణ్కర్ గుర్తించిన, 2003లో ప్రపంచ వారసత్వ హోదా పొందిన భీమ్‌బేట్కా ప్రభావం ఇందులో కొంత ఉండవచ్చు. బళ్ళారి సమీపంలోని కప్పగల్లు విషయంలో మాత్రం ఈ మాట పొరపాటుకు దారితీస్తుంది. పరిశోధకులు కుప్‌గల్ అని పిలిచే ఈ చోట రంగులు పూసిన గుహ లేదు. గ్రానైటు కొండను చీల్చుకుని పైకి వచ్చిన నల్లని డోలరైట్ బండలపై రాతితో కొట్టి మలచిన బొమ్మలున్నాయి. వాటిలో అధికం మూపురపు ఎద్దులే.

1892లో ఫాసెట్ ప్రకటించిన ఈ చిత్రాలను నవీన శిలాయుగానికి చెందినవని నిర్ణయించడానికి ఆధారమేమిటి? బండపై గీతను నేరుగా కాలనిర్ణయం చేయడం కష్టం. పైగా ఇక్కడ తరువాతి కాలాల బొమ్మలూ కలిసిపోయి ఉన్నాయి. అందువల్ల ఆధారాన్ని బండకు వెలుపల వెతకవలసి వస్తుంది. 2016 వరకు కొత్తూరు మండలం అంతర్భాగంగా ఉన్న పూర్వ మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) ఆల్చిన్ బూడిద దిబ్బను తవ్వినప్పుడు పశువుల దొడ్డి కంచె గుంటలు, బూడిద పొరల్లో గిట్టల ముద్రలు బయటపడ్డాయి. వాటి కాలం క్రీ.పూ. 3వ సహస్రాబ్ది. పేడ కుప్పలను తగులబెట్టిన ఆ పశుపాలకుల సంస్కృతికి చెందిన దిబ్బలే కప్పగల్లు పరిసరాల్లోనూ ఉన్నాయి. బండపై ఎద్దుకు కాలాన్నిచ్చేది కింద ఉన్న బూడిదే. చిత్రాల శైలిని మాత్రమే వర్ణించి యుగాన్ని నిర్ణయించే వ్యాసాలు ఈ మెట్టును దాటవేస్తున్నాయి.

నికోల్ బోవిన్ 2004లో ప్రకటించిన అధ్యయనం ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దింది. కొన్ని బండలను రాతితో కొడితే గంటలా మోగుతాయని, వాటిపై దెబ్బలతో ఏర్పడిన గుంటలున్నాయని ఆమె చూపారు. మోగే గుణాన్ని ఎవరైనా పరీక్షించి చూడవచ్చు. ఆ ధ్వని కర్మకాండలో భాగమన్న వాదన మాత్రం ఊహగానే నిలుస్తుంది, ఎందుకంటే ఆ గుంటల వయసునూ నేరుగా చెప్పలేము. అయినా చిత్రాన్ని బండనుంచి విడదీసి చూడరాదన్న ఆమె దృష్టి విలువైనది. ఛాయాచిత్రం ఎద్దును భద్రపరుస్తుంది, ధ్వనిని కాదు.

ఈ చర్చ పరిభాషకే పరిమితం కాదు. ఒకప్పుడు గొడ్డళ్ళకోసం డోలరైటును తీసిన ఈ కొండలను ఆధునిక క్వారీలు దెబ్బతీశాయి. 1958 నాటి కేంద్ర చట్టం ‘ప్రాచీన కట్టడం’ నిర్వచనంలో గుహను, శిలాశిల్పాన్ని పేర్కొంటుంది. అవశేషాలున్న ప్రాంతాన్ని ‘పురావస్తు స్థలం’గా వేరుగా నిర్వచిస్తుంది. కప్పగల్లుకు సరిపోయేది ఈ రెండవ నిర్వచనమే. బొమ్మలున్న బండను మాత్రమే శిలాశిల్పంగా లెక్కిస్తే, దాని కాలాన్ని నిరూపించే బూడిద దిబ్బ, గొడ్డళ్ళు తయారుచేసిన చోటు, మోగే బండలు రక్షణ హద్దుకు వెలుపల మిగిలిపోయే అవకాశముంది.