ప్రోటియన్ శబ్దార్థవిచారము

ఆంగ్లభాషలో 'ప్రోటియన్' అను విశేషణ మొకటి కలదు. ఎడతెగక రూపము మార్చుకొను దానియెడ దీనిని వాడుదురు. పాఠశాలలలో బాలురకు దీనికిఁ 'జంచలము', 'అస్థిరము' అని తఱచుగా నర్థము చెప్పుచుందురు. ఇది సమంజసము కాదని నా యభిప్రాయము.

శబ్దమూలమును జూతము. గ్రీకుల కథలలోఁ బ్రోటియస్ అను సముద్రవృద్ధుఁడు కలఁడు. హోమరు రచించిన 'ఒడిస్సీ' నాలవ భాగమున మెనెలాసు తన వారితోఁ గూడి యాతనిని బట్టుకొనఁగా నాతఁడు సింహమై, పామై, చిఱుతపులియై, అడవిపందియై, నీరై, చెట్టై మాఱెను. వారు పట్టు విడువకుండఁగాఁ దుదకు స్వరూపమును బొంది, యడిగినదానికి సత్యము చెప్పెను. పలువురు మొదటి సగమునే గ్రహించి తుదిసగమును విడుచుచున్నారు. రూపములెన్ని మాఱినను మాఱువాఁ డొక్కఁడే.

'చంచల' శబ్దమున నీ యర్థము లేదు. లక్ష్మి చంచల యందురు. ఆమె యొకరి యింటినుండి వేఱొకరి యింటికిఁ బోవునే కాని వేఱొకతె కాదు. పాణిని తృతీయాధ్యాయ ద్వితీయపాదమునఁ దాచ్ఛీల్యార్థమున ననేక ప్రత్యయములను విధించెను. యుచ్ ప్రత్యయముచేఁ జలనము, ర ప్రత్యయముచేఁ గంప్రము, ఘురచ్ ప్రత్యయముచే భంగురము సిద్ధించుచున్నవి. కదలుట, వణఁకుట, విఱుగుట వీనికి స్వభావములు. ఆంగ్లశబ్దమునందును స్వభావార్థము కలదు, అంతవఱకు సామ్యము. కాని భంగురము విఱిగినపిదప నిలుచున దేది?

ఆ నిలుచుదానిని బతంజలి పస్పశాహ్నికమునఁ జూపెను. బంగారము ముద్దయగును, అది కరఁగి రుచకము లగును, కటకము లగును, స్వస్తికము లగును. ఆకృతి వేఱగుచుండును, ద్రవ్యము మాత్ర మదియే. తత్త్వము చెడనిదియు నిత్యమే యని యాయన యంగీకరించెను. మన కీ యాంగ్లశబ్దార్థమును దెలుపుటకు నింతకంటె నుదాహరణ మక్కఱలేదు.

ఉన్నను, బాలురకుఁ గన్నులఁ జూపఁదగిన దొకటి రెంజల్ మండలమునఁ గలదు. కందకుర్తి యొద్ద మంజీరా హరిద్రలు గోదావరితోఁ గలియుచున్నవి. వేసవిలో నచట నిసుకదిన్నెలు తేలును. ఎగువ మహారాష్ట్రమందలి బాబ్లీ యానకట్ట తలుపులు, 2013 నాఁటి సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి, జూలై 1 మొదలు అక్టోబరు 28 వఱకుఁ దెఱచి యుంచఁబడును. వఱద వచ్చినచో నదిలోని పాత శివాలయము మునుఁగును. నీరు తీసినపిదప మరల నగపడును. ఈ నదిని జంచల యని వ్రాసిన బాలుఁడు తప్పు వ్రాసినట్లే. ఎన్ని రూపములఁ జూచినను దానిని గోదావరి కాదని యెవ్వఁడును అనఁడు.

మఱి తెలుఁగేది? 'కామరూపి' యని కొంద ఱనవచ్చును. రామాయణమున వానరులును రాక్షసులును గామరూపులు. కాళిదాసు మేఘమును సైతము కామరూపుఁ డనెను. కాని కామ మనఁగా నిచ్ఛ. 1885లో హౌజర్ అను జర్మనుఁ డొక సూక్ష్మజీవికిఁ బ్రోటియస్ అని పేరిడెను; దాని కిచ్ఛ యెక్కడిది? కావున నిది యవ్యాప్తము.

'బహురూపి' మేలని నాకుఁ దోఁచుచున్నది. విశ్వరూపమువలె నేకకాలమున బహురూపములు గలవాఁ డని యర్థము రాదా యని శంక. యోగమును బట్టి వచ్చును. రూఢిని బట్టి రాదు. తెలంగాణమున నూరూరఁ దిరుగు పగటివేషగాండ్రను బహురూపు లందురు. వాఁడు పూటకొక వేషము కట్టును. వేషము విప్పినచో వాఁడే. క్రమమును, స్వరూపస్థితియు రెండును ఈ రూఢిలోనే కలవు.

'ఊసరవెల్లి' యనుట మాత్రము కూడదు. అది మార్చునది రంగు. పైఁగా నా మాట నిందకే చెల్లును. ఆంగ్లశబ్దము నటుని యెడ స్తుతి, వంచకుని యెడ నింద. షేక్స్పియరు తన 'టూ జెంటిల్మెన్ ఆఫ్ వెరోనా' నాటకమున మిత్రద్రోహికిఁ బ్రోటియస్ అని పేరు పెట్టుట రెండవదానికి సాక్ష్యము.

ధ్వనిసామ్యముచే 'ప్రోటీన్' శబ్దమును దీనితో ముడివెట్టు వారును గలరు. 1838లోఁ బుట్టిన యా పేరు 'ప్రథమము' అను నర్థము గల గ్రీకు శబ్దమునుండి వచ్చినది; సముద్రవృద్ధునితో దానికిఁ బని లేదు.