ఒంటరి అండం బొమ్మ

కొండాపూర్‌ రోడ్డు మీద ఈ వారం ఒక హోర్డింగు వెలిసింది. అండాలు ఫ్రీజ్‌ చేసుకోండి, నిశ్చింతగా ఉద్యోగం చేసుకోండి అని. బొమ్మలో నున్నటి అండం ఒక్కటే. నాకు ఒళ్లు మండింది. సినిమా పోస్టరు మీద హీరో ఒక్కడినే వేస్తే నేనెంత గొడవ చేస్తానో ఈ కాలమ్‌ చదివేవాళ్లకు తెలుసు.

అండాశయంలోంచి తీసినప్పుడు అండం అలా ఉండదు. వేల క్యూములస్‌ కణాలు జిగురుజిగురుగా చుట్టూ పట్టుకుని ఉంటాయి. పండిందో లేదో చూడాలి కాబట్టి, ఫ్రీజ్‌ చేసే ముందు ఎంబ్రియాలజిస్టు దాన్ని హయాల్యురోనిడేస్‌ అనే ఎంజైమ్‌ చుక్కలో కొద్ది సెకన్లు ఉంచి, సన్నటి పిపెట్‌లోకి లాగి వదులుతూ ఆ కణాలను ఒలిచేస్తారు. సాకినవాళ్లను పక్కకు నెట్టి తీసిన ఫొటో అది. సాకడం ఉత్త మాట కాదు. గ్లూకోజును అండం సొంతంగా సరిగా వాడుకోలేదు. ఆ కణాలే దాన్ని పైరువేట్‌గా మార్చి అందిస్తాయి. మధ్యలో జోనా అనే మందపాటి పొర ఉన్నా, దాని గుండా సన్నని పోగులు చాచి అండాన్ని తాకుతూనే ఉంటాయి.

చేపల్లోనూ ఇంతే. మన గచ్చిబౌలి సెంట్రల్‌ యూనివర్సిటీలో సెంథిల్‌కుమారన్‌ ఏళ్లతరబడి చేపల మీదే పనిచేశారు. జన, అంటే చేప గుడ్డు, పండే ముందు దాని చుట్టూ ఉండే ఫాలికల్‌ అనే సంచిలో స్టెరాయిడ్ల తయారీ ఎలా మారుతుందో జపాన్‌ శాస్త్రవేత్తలు యోషికుని, నగహమలతో కలిసి 2004లో రాశారు. బయటి థీకా పొర ముడిసరుకు ఇస్తే లోపలి గ్రాన్యులోసా పొర దాన్ని మారుస్తుంది. జన పెరిగే రోజుల్లో ఆ జంట చేసేది ఈస్ట్రోజెన్‌. పండే వేళకు సరుకు మార్చి, పండించే హార్మోన్‌ చేస్తుంది.

చుట్టూ ఉన్నవాళ్లే అండాన్ని పండిస్తారని ఇక్కడితో తేల్చేద్దామనుకున్నాను. క్షీరదాల దగ్గర ఆ మాట నిలవలేదు. 1935లో పింకస్‌, ఎంజ్‌మన్‌ అనే శాస్త్రవేత్తలు కుందేలు అండాన్ని ఫాలికల్‌ నుంచి బయటికి తీస్తే, ఎవరూ చెప్పకుండానే అది పండటం మొదలుపెట్టింది. పెరిగిన అండానికి చుట్టూ ఉన్న కణాలు చెబుతున్నది "ఇప్పుడే కాదు, ఆగు" అని! సైక్లిక్‌ జీఎంపీ అనే చిన్న అణువు రూపంలో ఆ కబురు అండానికి చేరుతుంటుంది. ఎల్‌హెచ్‌ అనే హార్మోన్‌ ఉద్ధృతి రాగానే ఆగిపోతుంది. ఎలుకల్లో తేలింది మరీ గొప్ప సంగతి. తనను ఆపగల శక్తిని ఆ కణాలకు ఇచ్చేది అండమే, జీడీఎఫ్‌-9 లాంటి ప్రోటీన్లు పంపి. హీరో మీద నా పాత కోపం ఇక్కడ చెల్లదు.

ఆ ఉద్ధృతి పని చేసే ట్రిగ్గర్‌ ఇంజెక్షన్‌ ఫలానా టైముకే వేసుకోమని, 34 నుంచి 36 గంటల్లో రమ్మని మాదాపూర్‌ క్లినిక్కులు పట్టుబట్టేది ఇందుకే. ఆ కబురు ఆగాలి, అండం పండాలి, ఫాలికల్‌ పగలకముందే తీయాలి. నైట్‌ షిఫ్టులో కాల్స్‌ మధ్య అలారం పెట్టుకుని సూది పొడుచుకునే అమ్మాయికి ఇదంతా ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి.