‘జుమ్’ ధాతువు మూలరూపం: సవర భాషాసాక్ష్యంపై ఒక విమర్శ

ప్రవేశిక

గిడుగు రామమూర్తి పంతులు పేరు వినగానే తెలుగు పరిశోధకులకు వ్యావహారిక భాషోద్యమమే స్ఫురిస్తుంది. శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాషను నేర్చిన ఆయన 1931లో సవర భాషా మాన్యువల్‌ను, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల కొండలలో వినిపించే ఈ భాష ద్రావిడం కాదు. ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబంలోని ముండా శాఖకు చెందినది. ఆ శాఖ మూలభాషకు లిఖిత ఆధారాలు లేవు. అందులోని ఒక క్రియను పునర్నిర్మించడంలో సవర సాక్ష్యం విలువ ఎంతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ధాతువును వేరుచేయడం

సవరలో ‘తిను’ అనే అర్థమిచ్చే ధాతువు జుమ్. జొమ్ అన్న రూపమూ ఉంది. సవర క్రియ తన కర్మను తనలోనే ఇముడ్చుకోగలదు. ‘గేదె’ను తెలిపే నామం కుదించుకొని ధాతువును అంటిపెట్టుకోగా, కాలబోధక, పురుషబోధక ప్రత్యయాలు ఆ తరువాత చేరుతాయి. తెలుగులో వాక్యమయ్యేది సవరలో ఒక్క పదమవుతుంది. కనుక వీటిని విడదీసిన తరువాతనే తులనకు పూనుకోవాలి. ఈ విభజనకు వీలు కల్పించేది భాషా సామగ్రిని వ్యాకరణ దృష్టితో సేకరించిన కృషి మాత్రమే.

ధ్వన్యనురూపత

సంతాలీ, ముండారీ, కోర్కూ భాషలలో ఈ ధాతువు జొమ్. రెమోలో సుమ్, గుతోబ్‌లోనూ పదాది ధ్వని సకారమే. గోరుమ్‌లో దానికి ఘోష ఊష్మధ్వని కనిపిస్తుంది. ఇది ఒక్క మాటకు పరిమితమైన మార్పు కాదు. ‘ఎముక’కు సంతాలీలో జఙ్ ఉండగా గుతోబ్, రెమోలలో సిసఙ్ ఉంది. రెండు పదాలలోనూ జకారానికి సకారమే ఎదురవుతున్నది. అందువల్ల మూలభాషలో జకారం ఉన్నదనీ, గుతోబ్-రెమో శాఖలో అది సకారమైనదనీ ఊహించవచ్చు. ఖడియాలో ‘తిను’కు ఞొగ్ అనే వేరొక ధాతువు ఉన్నా ఈ నిర్ణయానికి భంగం లేదు, ఉత్తర, దక్షిణ శాఖలు రెండింటిలోనూ జొమ్/జుమ్ నిలిచే ఉంది.

అచ్చు విషయం ఇంత స్పష్టం కాదు. ఉత్తర శాఖలో ఒకారం, రెమోలో ఉకారం, జువాంగ్‌లో ఇకారం. సవరలోనే రెండు రూపాలు. *జొమ్ అని రాసినప్పుడు నక్షత్రం గుర్తు మూడు ధ్వనులకూ సమానమైన ప్రామాణ్యాన్ని ఇస్తున్నట్లు భ్రమ కలుగుతుంది. నిజానికి హల్లులకున్న బలం అచ్చుకు లేదు. ఈ తారతమ్యాన్ని చెప్పని పునర్నిర్మాణం అసంపూర్ణం.

సాదృశ్య భ్రాంతి

సంస్కృత ధాతుపాఠంలో భక్షణార్థకమైన ‘జమ్’ ఉంది. ‘జేమతి’, హిందీ ‘జీమ్‌నా’, మరాఠీ ‘జేవణే’ కూడా గమనార్హాలే. వీటిని చూసి సవర పదం సంస్కృత భవమని నిర్ణయించడం సులభం. కానీ అది తొందరపాటు. ఇటీవలి ఆదానమైతే గుతోబ్-రెమో శాఖలోని జకార-సకార మార్పుకు అది లోనయ్యే అవకాశం లేదు. లోనయింది కనుక, ఆ మార్పుకు ముందే ఈ పదం ముండా భాషలలో ఉండి ఉండాలి. దీనివల్ల ఆర్యభాషలకు ఇది ముండా నుండే చేరిందని రుజువు కాదు. సంస్కృతం నుండి సవరకు నేరుగా వచ్చిందన్న వాదం మాత్రం నిలవదు. పోలిక ప్రశ్నను లేవనెత్తుతుంది. సమాధానానికి క్రమబద్ధమైన అనురూపత కావాలి.

ముగింపు

మన విశ్వవిద్యాలయాలలో గిడుగువారి తెలుగు వాదాలు పాఠ్యాంశాలు. ఆయన సవర నిఘంటువు మాత్రం ప్రశంసావాక్యం దగ్గరే ఆగిపోతున్నది. ఒక్క ధాతువు చరిత్రకే అది ఇంత ఉపకరిస్తున్నప్పుడు, దానిని ఆకరగ్రంథంగా చదవడం మన బాధ్యత. ఈనాటి సవర మాట్లాడేవారి ఉచ్చారణతో దాన్ని సరిచూసే పనికి ఉత్తరాంధ్ర పరిశోధకులకున్నంత సామీప్యం మరెవరికి ఉంది?